పరీక్ష రాశాను, రిజల్ట్‌లో ఆబ్సెంట్ అని వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలి?

సూదీదారం, కోటబొమ్మాళి
సెప్టెంబర్ 4, రాత్రి 10:40

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

నేను దూరవిద్యలో బీఏ మూడో సంవత్సరం. ఇంటి దగ్గర బ్లౌజులు కుడతాను. మా ఆయన హైదరాబాదులో సెంట్రింగ్ పని. ఇద్దరు పిల్లలు. ఇంటర్ అయిన తొమ్మిదేళ్ళకి మళ్ళీ పుస్తకం పట్టాను. యూనివర్సిటీ పేరు రాయను, ఏమనుకోకండి. డిగ్రీ ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది.

మేలో శ్రీకాకుళం వెళ్ళి ఆరు పేపర్లు రాశాను. ఆగస్టులో రిజల్ట్స్ వచ్చాయి. ఐదింటికి మార్కులున్నాయి. ఎకనామిక్స్ పేపరు ఎదురుగా ‘ఏబీ’ అని ఉంది. అదేదో మంచి గ్రేడనుకుని మా ఆయనకి ఫోన్ చేసి మరీ చెప్పాను. సాయంత్రం చీరకి ఫాల్ కుట్టించుకోడానికి వచ్చిన డిగ్రీ పిల్ల చూసి, ‘అక్కా, ఏబీ అంటే ఆబ్సెంట్’ అంది. మళ్ళీ ఫోన్ చేసి ఆయనకి ఆ మాట చెప్పడానికి రెండు రోజులు పట్టింది నాకు.

ఆ పేపరు నేను రాశాను. అసలు ఆరింటిలో బాగా రాసింది అదే. ఆ రోజు కోటబొమ్మాళిలో బస్సు ఆగక, షేర్ ఆటోలో నరసన్నపేట వెళ్ళి అక్కడ బస్సు పట్టుకున్నాను. గేటు మూసేస్తారేమోనని బస్సు కాంప్లెక్స్ దగ్గర్నుంచి పరుగు. కూర్చునేసరికి చేతులు వణుకుతున్నాయి. ఓఎంఆర్ (స్కానర్ చదివే గళ్ళ కాగితం) మీద హాల్ టికెట్ నంబరు గళ్ళు నింపేటప్పుడు చివరి అంకె 1కి బదులు 7 దిద్దేశాను. ఇన్విజిలేటర్ మేడమ్ చూసి, ‘అంత కంగారేంటమ్మా’ అని కసిరి, 7 మీద అడ్డగీత కొట్టి, పక్కన 1 రాసి, తన పొట్టి సంతకం పెట్టారు. ఆకుపచ్చ పెన్ను. హాల్ టికెట్ వెనక ఆ పేపరు గడిలో కూడా అదే పచ్చ సంతకం ఉంది. మొదటి పంచవర్ష ప్రణాళిక 1951లో మొదలైందని, వ్యవసాయానికి పెద్దపీట వేశారని రెండు పేజీలు రాశాను. అడిషనల్ షీట్లు కూడా తీసుకున్నాను. రాయని మనిషికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి చెప్పండి.

స్టడీ సెంటర్‌కి మూడుసార్లు వెళ్ళాను. ఒక రోజు పోతే నాకు నాలుగు బ్లౌజులు పోయినట్టే. మొదటిసారి కోఆర్డినేటర్ గారు లేరు. రెండోసారి ‘యూనివర్సిటీకి ఫోన్ చేసుకోండి’ అన్నారు. మూడోసారి అక్కడ పనిచేసే ఆయన నన్ను చూడగానే, ‘ఏటమ్మా, మళ్ళీ వచ్చినావా? మా చేతిలో ఏటుంది, అంతా ఆళ్ళదే’ అన్నాడు. యూనివర్సిటీ హెల్ప్‌లైన్‌కి చేస్తే పాట వస్తుంది. పదకొండోసారి ఒకావిడ ఎత్తి, ‘స్టడీ సెంటర్‌ని అడగండి’ అని పెట్టేసింది. మెయిల్ కూడా పెట్టాను, ‘మీ మెయిల్ అందింది’ అని దానంతటదే జవాబు వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

ఇక్కడ నెట్ సెంటర్ అబ్బాయేమో 3,000 ఇస్తే తెలిసినవాళ్ళ చేత మార్పిస్తానంటున్నాడు. సప్లిమెంటరీకి ఫీజు కట్టే ఆఖరు తేదీ దగ్గర పడింది. కడితే నేను ఆబ్సెంట్ అయ్యానని ఒప్పుకున్నట్టు అవుతుందేమో అని ఒక భయం. కట్టకపోతే ఏడాది పోతుందేమో అని ఇంకో భయం. బీఈడీ చెయ్యాలని నా ఆశ. ఇదే కాదు, కాంటాక్ట్ క్లాసులు సగం కూడా జరగలేదు, రెండో ఏడాది పుస్తకాలు పరీక్షలకి ఇరవై రోజుల ముందు వచ్చాయి, అసైన్‌మెంట్ మార్కులు ఒకదాంట్లో తక్కువ వేశారు. ఇవన్నీ కలిపి పెద్ద ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఎవరికి రాయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

వంశధార కుర్రోడు, నరసన్నపేట
సెప్టెంబర్ 4, రాత్రి 11:15

అక్కా, ఉత్తరాలేంటి ఈ రోజుల్లో. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) మంత్రిగారిని ట్యాగ్ చేసి పెట్టు, హాల్ టికెట్ ఫోటోతో. రెండు గంటల్లో ఫోన్ వస్తుంది. లేకపోతే కన్స్యూమర్ కోర్టు. ఫీజు కట్టావు, సర్వీస్ ఇవ్వలేదు, అంతే కేసు.

పాత టపా, విజయనగరం
సెప్టెంబర్ 5, ఉదయం 5:50

అమ్మా, ముందు ఒక మాట. ఆ కుర్రాడు చెప్పినట్టు హాల్ టికెట్ ఫోటో ఎక్కడా పెట్టకు. నీ నంబరు, పుట్టిన తేదీ, సంతకం అన్నీ దాని మీద ఉంటాయి. నెట్ సెంటర్ వాడికి రూపాయి కూడా ఇవ్వకు. వాడు మార్చేదేమీ లేదు. నీ సమస్య ఎలాగూ దానంతటది తేలితే ఆ పేరు వాడు చెప్పుకుంటాడు, తేలకపోతే ఫోన్ ఎత్తడు.

నేను ఒక యూనివర్సిటీ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్ళు టపా సీటు. అంటే వచ్చిన కాగితానికి ఇన్‌వర్డ్ నంబరు వేసి, ఏ సెక్షన్‌కి వెళ్ళాలో రాసి పంపడం. అక్కడ కూర్చుని నేను నేర్చుకున్నది చెప్తాను. నువ్వు ఫోన్లో ఎంత ఏడ్చినా దానికి ఇన్‌వర్డ్ నంబరు పడదు. నంబరు పడనిదానికి ఫైలు ఉండదు. ఫైలు లేనిదాన్ని ఎవరూ అడగరు. ఫోన్ పెట్టేసిన ఆవిడ చెడ్డది కాదు, ఆవిడకి నీ సమస్య పెట్టడానికి చోటు లేదు. ఆ చోటు నువ్వే తయారుచెయ్యాలి.

ఇప్పుడు నీ పేపరు సంగతి. పరీక్ష గదిలో ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది ఒక కాగితం మీద రాస్తారు. మా దగ్గర డి-ఫారం అనేవాళ్ళం. అందులో నీ నంబరు ఎదురుగా నువ్వు సంతకం చేసి ఉంటావు, జవాబు పత్రం నంబరు కూడా వేసి ఉంటారు. గుర్తుందా? ఒక కాపీ బండిల్‌తో యూనివర్సిటీకి పోతుంది, ఒకటి పరీక్ష కేంద్రంలో ఉండాలి. డి-ఫారంలో నువ్వు ఉండి, మార్కుల్లో లేవంటే, నీ పత్రం ఎక్కడో దారి తప్పింది. నువ్వే చెప్పావు, 7 దిద్దానని. అడ్డగీత కొట్టి పక్కన 1 రాస్తే మనిషికి అర్థమవుతుంది గాని, స్కానర్‌కి నల్లగా ఉన్న గడి ఒక్కటే కనిపిస్తుంది. అది నీ పేపర్ని 7 చివరున్న నంబరు ఖాతాలో వేసి ఉంటుంది. ఆ నంబరుతో మనిషే లేకపోతే పేపరు అలా పక్కన పడి ఉంటుంది. ఇది నా ఊహే. కానీ ఇలాంటివి నేను ఒకటి కాదు, సంచెడు చూశాను.

కాబట్టి నీ ఉత్తరంలో మీరు అన్యాయం చేశారు, నాకు ఇద్దరు పిల్లలు అని రాయొద్దు. నా మాట కటువుగా ఉంటే క్షమించు. ఆ ఉత్తరం చదివేవాడు రోజుకి అలాంటివి యాభై చూస్తాడు. వాడికి కావలసింది నాలుగు అంకెలు. ఇలా రాయి:

‘నా హాల్ టికెట్ నంబరు ఇది. ఫలానా తేదీ ఉదయం ఫలానా కోడు పేపరును ఫలానా కేంద్రంలో, ఫలానా గదిలో రాశాను. హాల్ టికెట్ మీద ఆ రోజు ఇన్విజిలేటర్ సంతకం ఉంది, నకలు జతచేశాను. ఫలితాల్లో గైర్హాజరు అని వచ్చింది. ఓఎంఆర్‌లో చివరి అంకె పొరపాటున 7 దిద్దగా ఇన్విజిలేటర్ సరిచేసి సంతకం చేశారు. డి-ఫారం చూసి, 7తో ముగిసే నంబరు కింద కూడా నా జవాబు పత్రం వెతికించి, ఫలితం సవరించమని కోరుతున్నాను.’

అంతే. అర పేజీ. ఒక కాగితానికి ఒకే బాధ. క్లాసులు జరగలేదని, పుస్తకాలు ఆలస్యమయ్యాయని అందులోనే కలిపావంటే, ఆ కాగితం మెటీరియల్ సెక్షన్‌కి వెళ్ళి అక్కడ పడుకుంటుంది. పరీక్షల విభాగం దాకా రాదు. పుస్తకాల గురించి వేరే కాగితం రాయి, తర్వాత.

కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ పేరు మీద రాసి, ఒక కాపీ స్టడీ సెంటర్‌లో ఇవ్వు. ఇచ్చేటప్పుడు నీ దగ్గరున్న రెండో కాపీ మీద తేదీ, సంతకం, స్టాంపు వేయించుకో. వాళ్ళు ‘వెయ్యం’ అంటే గొడవపడకు. ‘సరే సార్, పోస్టులో పంపుతాను’ అని వచ్చెయ్. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. కాబట్టి ఇప్పుడు స్పీడ్ పోస్టే. ఆ రసీదు పారెయ్యకు. సిరా త్వరగా వెలిసిపోతుంది, అదే రోజు ఫోటో తీసుకో.

సప్లీ ఫీజు కట్టెయ్. ఏడాది పోగొట్టుకోవద్దు.

చీపురుపల్లి ప్యాసింజర్
సెప్టెంబర్ 5, మధ్యాహ్నం 1:20

మాస్టారి మాటకి అడ్డు చెప్పడం కాదు గానీ, ఫీజు విషయంలో నా అనుభవం వేరు. నాకు రెండేళ్ళ కిందట ప్రాక్టికల్ మార్కులు ఎక్కలేదు. సప్లీ కట్టేశాను. తర్వాత ఆఫీసుకి వెళ్తే, ‘మళ్ళీ రాస్తున్నారు కదా, పాతది ఇంకెందుకు’ అని పక్కన పడేశారు. రెండోసారి మొత్తం రాయాల్సి వచ్చింది. అందుకే కట్టొద్దంటాను.

ఇంకోటి. స్టడీ సెంటర్‌కి ఒక్కరే వెళ్ళకండి. మేం చీపురుపల్లి, గరివిడి నుంచి ఏడుగురం ఒకే రైల్లో వెళ్ళేవాళ్ళం. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందరికీ క్లాసులు జరగలేదు, కాబట్టి ఏడుగురి సంతకాలతో ఒక కాగితం ఇచ్చాం. తర్వాతి ఆదివారం నుంచి కౌన్సెలర్ వచ్చారు. వచ్చిన ఆయన ఎంత బాగా చెప్పారంటే, ఇన్నాళ్ళు ఈయన్ని ఎక్కడ దాచారా అనిపించింది.

పాత టపా, విజయనగరం
సెప్టెంబర్ 5, సాయంత్రం 4:05

నాయనా, నువ్వు చెప్పిందీ నిజమే. అందుకే కట్టి ఊరుకోకూడదు. కట్టిన రోజే ఇంకో రెండు లైన్లు పంపాలి: ‘నా ఫిర్యాదు పెండింగులో ఉండగా, గడువు పోతుందన్న కారణంతో మాత్రమే ఫీజు కట్టాను. నేను పరీక్ష రాశానన్న మాట మీదే ఉన్నాను. మొదటి పత్రం దొరికితే దానినే లెక్కలోకి తీసుకోవాలి.’ చలానా నంబరు కూడా వెయ్యాలి. నువ్వు కాగితం లేకుండా కట్టావు, అక్కడే దొరికిపోయావు.

సూదీదారం, కోటబొమ్మాళి
సెప్టెంబర్ 5, రాత్రి 9:30

మాస్టారూ, దండాలు. డి-ఫారం అన్న మాట వినగానే గుర్తొచ్చింది. పొడుగు కాగితం, అందరూ సంతకం చేశాం. నా ముందు అమ్మాయి రాలేదు, ఆ గడిలో మేడమ్ ఎర్ర పెన్నుతో ఏదో రాశారు. నాది ఆ కిందనే. ఒకవేళ ఆ ఎర్రగీత నా గడిలో పడిందా? ఆ ఆలోచనతో ఇవాళ ఒక బ్లౌజుకి చేతులు తిరగేసి కుట్టాను.

చీపురుపల్లి అన్నయ్యా, మా వైపు నుంచి మా సెంటర్‌కి వెళ్ళేది నేనొక్కదాన్నే అనుకున్నాను. అడిగి చూస్తాను.

సమాచార హక్కు కింద అడగొచ్చని మా ఆయన మేస్త్రీ ఎవరో చెప్పారట. అది ముందు చెయ్యాలా, తర్వాతా?

పొందూరు నూలు
సెప్టెంబర్ 6, ఉదయం 8:10

చెల్లెమ్మా, నేను లీగల్ సర్వీసెస్‌లో (న్యాయ సేవల సంస్థ) పారా లీగల్ వాలంటీర్‌ని. లాయర్ని కాదు. తెలిసినది చెప్తాను.

ముందు కన్స్యూమర్ కోర్టు సంగతి తేల్చేద్దాం. పరీక్షలు పెట్టి ఫలితాలు ఇవ్వడం ‘సేవ’ కిందకి రాదని, విద్యార్థి అక్కడ వినియోగదారు కాడని సుప్రీంకోర్టు 2009లో బీహార్ పరీక్షల బోర్డు కేసులో చెప్పింది. 2010లో ఒక యూనివర్సిటీ కేసులోనూ అదే మాట. కాబట్టి తమ్ముడు చెప్పిన దారిలో వెళ్తే చెప్పులు అరగడమే.

నీకు పనికొచ్చేది వేరే ఉంది. 2023 ఏప్రిల్‌లో యూజీసీ (యూనివర్సిటీలపై ఉండే కేంద్ర సంస్థ) విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ప్రతి యూనివర్సిటీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ఆన్‌లైన్లో ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో కమిటీ తన నివేదిక ఇవ్వాలి. నచ్చకపోతే, నిర్ణయం అందిన 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే ఫిర్యాదుల మీద అప్పీళ్ళు వినే పెద్దమనిషికి, అప్పీలు చేసుకోవచ్చు. ఆయన రిటైరైన వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, మాజీ జిల్లా జడ్జో అయి ఉంటారు. 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఒక మెలిక ఉంది. కమిటీకి వెళ్ళకుండా నేరుగా ఆయన దగ్గరికి వెళ్తే వినరు. ‘నాకు మార్కులు తక్కువ వేశారు, మళ్ళీ దిద్దండి’ అన్నా మామూలుగా తీసుకోరు. నీది అది కాదు, రాసిన మనిషిని రాలేదన్నారు. ఆ తేడా ఉత్తరంలో స్పష్టంగా కనపడాలి. అసైన్‌మెంట్ మార్కుల గొడవ ఇందులో కలపొద్దనేది కూడా అందుకే.

యూజీసీకి ఈ-సమాధాన్ అని ఒక పోర్టల్ ఉంది. వెయ్యొచ్చు. అయితే అక్కడ వేసినది తిరిగి మీ యూనివర్సిటీకే వస్తుంది. పైనుంచి వచ్చిందని కాస్త కదులుతారు, అంతవరకే. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చినా దాదాపు అంతే. పరీక్ష ఫలితం మార్చమని కలెక్టర్ ఆర్డర్ వెయ్యలేరు, కాగితం పంపగలరు.

సమాచార హక్కు గురించి: ఉత్తరం ముందు, ఆర్టీఐ దాని వెంటనే. ఎందుకంటే జవాబు పత్రాలు శాశ్వతంగా ఉంచరు. వాళ్ళ గడువు దాటాక నాశనం చేస్తారు, తర్వాత నువ్వు ఏ చట్టం కింద అడిగినా ‘లేదు’ అనే వస్తుంది. దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. యూనివర్సిటీలో పౌర సమాచార అధికారి పేరు మీద తెల్ల కాగితం, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్. దారిద్ర్యరేఖ దిగువన ఉన్నట్టు కార్డు ఉంటే, దాని నకలు పెట్టి ఫీజు మినహాయింపు అడుగు. జవాబుకి 30 రోజులు. రాకపోతే వాళ్ళ పై అధికారికే మొదటి అప్పీలు.

ఆర్టీఐలో ‘ఎందుకు ఇలా చేశారు’ అని అడగకు. ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వరు. ఉన్న కాగితం అడుగు. ‘ఫలానా తేదీ, ఫలానా కేంద్రం, ఫలానా పేపరు డి-ఫారం నకలు ఇవ్వండి. ఆ కేంద్రం నుంచి వచ్చి, ఏ అభ్యర్థికీ జతపడని జవాబు పత్రాలు ఎన్ని ఉన్నాయో చూపే రికార్డు నకలు ఇవ్వండి.’ ఈ రెండో ప్రశ్న చూసేసరికి ఆ సెక్షన్‌లో ఎవరో ఒకరు లేచి బీరువా తీస్తారు. మిగతా పిల్లల పేర్లు కనపడతాయి, డి-ఫారం ఇవ్వం అని వాళ్ళంటే, నీ లైను ఒక్కటి ఉంచి మిగతావి మూసి ఇమ్మని అడుగు.

ఇవేవీ జరక్కపోతే హైకోర్టులో రిట్ పిటిషన్. భయపడకు, అంతదాకా రాదనే నా నమ్మకం. కానీ తెలిసి ఉండాలి: 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది. వచ్చేటప్పుడు కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టుకురా. కవర్లో కుక్కి తెస్తే నేనే కసురుతాను.

వంశధార కుర్రోడు, నరసన్నపేట
సెప్టెంబర్ 6, ఉదయం 8:45

సారీ అక్కా. కన్స్యూమర్ కోర్టు మా ఫ్రెండ్ సెల్‌ఫోన్ కేసులో పనిచేసింది, అందుకని చెప్పాను.

ఉత్తరం టైప్ చేయించాలంటే చెప్పు, నరసన్నపేటలో మా అన్నకి జిరాక్స్ షాపుంది. డబ్బులొద్దు.

సూదీదారం, కోటబొమ్మాళి
సెప్టెంబర్ 9, రాత్రి 10:05

తమ్ముడి దగ్గరే టైప్ చేయించాను. కంట్రోలర్ గారికి ఒకటి, ఫిర్యాదుల కమిటీకి ఒకటి, ఆర్టీఐ ఒకటి. కమిటీది వెబ్‌సైట్‌లో కూడా వేశాం. ఆ లింకు ఎక్కడో అడుగున, చీమంత అక్షరాల్లో ఉంది. తమ్ముడు లేకపోతే నాకు కనపడేది కాదు. ఒక నంబరు ఇచ్చింది, ఫోటో తీసుకున్నాను. పోస్టల్ ఆర్డర్ మా ఊళ్ళో లేదన్నారు, శ్రీకాకుళం హెడ్ పోస్టాఫీసులో దొరికింది.

స్టడీ సెంటర్‌లో రెండో కాపీ మీద స్టాంపు వెయ్యమన్నాను. ఆ పనిచేసే ఆయన కోఆర్డినేటర్ గారి వైపు చూశారు. కోఆర్డినేటర్ గారు కాగితం మొత్తం చదివారు. ‘డి-ఫారం సంగతి నీకెవరు చెప్పారమ్మా?’ అన్నారు. విజయనగరంలో మా మాస్టారు అన్నాను. ఏమీ అనలేదు, స్టాంపు వేశారు. కూర్చోమన్నారు కూడా. మూడుసార్లు వెళ్ళినప్పుడు ఆ కుర్చీ అక్కడే ఉంది.

సప్లీ ఫీజు కట్టాను. మాస్టారు చెప్పిన రెండు లైన్లూ పంపాను.

చీపురుపల్లి ప్యాసింజర్
సెప్టెంబర్ 9, రాత్రి 10:30

మంచి పని. సప్లీకి చదవడం మాత్రం ఆపకండి. వాళ్ళు తేల్చేలోపు పరీక్ష వచ్చేస్తే?

అన్నట్టు, ఇది చదివి కొత్తగా చేరేవాళ్ళెవరైనా ఉంటే ఒక మాట. చేరేముందు ఆ కోర్సుకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ డెబ్ (దూరవిద్య విభాగం) సైట్‌లో చూసుకోండి. 2024 నుంచి డెబ్ ఐడీ లేకుండా దూరవిద్యలో చేర్చుకోకూడదు, ఆ ఐడీ మీరే చేసుకోవాలి. ‘మేమే చేసేస్తాం, డబ్బులు మా చేతికివ్వండి’ అన్న సెంటర్ల దగ్గర ఆగకండి. ఫీజు రసీదు యూనివర్సిటీ పేరు మీదే ఉండాలి. అనుమతి లేని కోర్సు చదివాక ఏ కమిటీకి రాసినా లాభం లేదు.

సూదీదారం, కోటబొమ్మాళి
అక్టోబర్ 21, మధ్యాహ్నం 3:15

అందరికీ చెప్పాలని మిషన్ ఆపి రాస్తున్నాను.

కమిటీ నుంచి 15 పని దినాలకీ ఏమీ రాలేదు. పొందూరు అక్క చెప్పిన గడువు దాటిందని ఒక లైను పంపాను. ఆర్టీఐకి ఇరవై ఎనిమిదో రోజున కవరు వచ్చింది. అందులో డి-ఫారం నకలు, మిగతా పేర్ల మీద తెల్లకాగితం పెట్టి జిరాక్స్ తీశారు. నా లైనులో నా సంతకం. కంగారులో పేరు చివరి అక్షరం ఎగిరిపోయింది గాని నాదే. పైగడిలో రాని అమ్మాయి దగ్గర ఎర్రగీత. నా గడిలోకి రాలేదు. నేను ఆ మేడమ్‌ని నెల రోజులు మనసులో తిట్టుకున్నాను. ఆవిడ తప్పేమీ లేదు.

మొన్న పరీక్షల విభాగం నుంచి ఫోన్. మగాయన, నెమ్మదిగా మాట్లాడారు. ‘అమ్మా, 7 కింద దొరికింది’ అన్నారు. ఆ నంబరు మీద అసలు విద్యార్థే లేరట. నిన్న వెబ్‌సైట్‌లో మారింది. 100కి 58. ఆరింటిలోకీ అదే ఎక్కువ అని నేను ముందే చెప్పాను కదా. కట్టిన సప్లీ ఫీజు వెనక్కి ఇస్తారా అని అడిగితే, దానికి వేరే దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టాను. ఒక కాగితానికి ఒకే బాధ.

బీఈడీ కౌన్సెలింగ్ మొదటి విడత అయిపోయింది. ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఎప్పుడిస్తారో దాన్ని బట్టి తర్వాతి సంగతి. మా ఆయనకి ఈసారి ఫోన్ వెంటనే చేశాను.

మాస్టారూ, ఒక్క సందేహం. ఆ హాల్ టికెట్ మడతల దగ్గర చిరిగిపోతోంది. లామినేషన్ చేయించమంటారా?

పాత టపా, విజయనగరం
అక్టోబర్ 21, సాయంత్రం 6:00

వద్దమ్మా. లామినేషన్ వేడికి పచ్చ సిరా అలికిపోవచ్చు. ప్రొవిజనల్ చేతికి వచ్చేదాకా ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి, బీరువాలో చీరల మధ్య పెట్టు.